తుప్పు పట్టి బిగుసుకుపోయిన క్యాబిన్ బోల్టులు: పికప్ బండి నుంచి ఊడదీయడం ఎలా

రొయ్యలు మోసే పికప్ కింద ఒకసారి పడుకుని చూడండి. ట్రేల్లోంచి కారిన ఉప్పునీళ్లు తొట్టిలోకి, తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీదకి దిగి, ఎక్కడ మూల దొరికితే అక్కడ నిలబడి ఉంటాయి. భీమవరం, కైకలూరు చెరువుల చుట్టూ తిరిగే బండ్లయినా, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో చేపలు ఎత్తే బండ్లయినా ఇదే కథ. ఇంజను ఇంకా పదేళ్లు లాగేలా ఉంటుంది, అడుగు మాత్రం ముందే ముసలిదైపోతుంది. క్యాబిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులైతే విప్పాల్సిన రోజు వచ్చేదాకా ఎవరికీ గుర్తుకే రావు.

మా బండికి అది తొమ్మిదో ఏడు. డ్రైవర్ పక్క తలుపు కొంచెం పైకెత్తి వేస్తే తప్ప పడేది కాదు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా సీటు కింద దబ్బుమని చప్పుడు. షాక్ అబ్జార్బర్లు మార్పించాం, డబ్బులు పోయాయి కానీ చప్పుడు పోలేదు. చివరికి టార్చి వేసుకుని కిందకి దూరితే కనిపించింది: క్యాబిన్ కింద రబ్బరు బుష్‌లు నలిగి అప్పడాల్లా అయిపోయాయి. బుష్‌లు మార్చడం ఒక పూట పని, బోల్టులు ఊడితే. మాకు నాలుగు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు పూర్తిగా నా తొందర వల్లే.

మొదటి బోల్టుకి నేనేం చేశానో చెప్తాను, మీరు అది మాత్రం చేయకండి. సాకెట్ బిగించి, రెంచికి నాలుగడుగుల జీఐ పైపు తొడిగి, ఇద్దరం వేలాడాం. టక్కుమంది. బోల్టు తిరగడం మొదలైంది. ఊడిందనుకుని సంబరపడ్డాం. అది తిరుగుతూనే ఉంది, కిందకి మాత్రం దిగట్లేదు. క్యాబిన్ ఫ్లోర్ లోపల వెల్డ్ చేసి ఉన్న నట్టు విడిపోయి, బోల్టుతోపాటే తిరుగుతోంది. చేయి దూరే చోటు కాదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది మా పని.

కాబట్టి మొదటి నుంచి ఒక లెక్క మనసులో పెట్టుకోండి. ఈ పనిలో కాపాడాల్సింది బోల్టుని కాదు, నట్టుని. బోల్టు హార్డ్‌వేర్ షాపులో చిల్లర డబ్బులకి వస్తుంది. నట్టు విరిగితే ఫ్లోర్ కోయాలి. బోల్టు తెగినా, కోసినా, కాల్చినా ఫర్వాలేదు, నట్టుకి దెబ్బ తగలకూడదు.

1. లోపల ఏముందో ముందు చూడండి

బొలెరో పికప్, టాటా యోధా, ఇసుజు డీమ్యాక్స్ లాంటి బండ్లకి నిచ్చెన ఆకారంలో ఛాసిస్ ఉంటుంది. దాని మీద క్యాబిన్ వేరుగా, తొట్టి వేరుగా బిగించి ఉంటాయి. క్యాబిన్ నేరుగా ఇనుము మీద కూర్చోదు, మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. ఎక్కువగా ఛాసిస్ బ్రాకెట్‌కి పైన ఒక రబ్బరు, కింద ఒక రబ్బరు, రెండిటి మధ్యగా ఒక ఇనప గొట్టం, దాన్నే స్లీవ్ అంటారు. స్లీవ్ గుండా బోల్టు వెళ్లి క్యాబిన్ వైపు నట్టులో బిగుస్తుంది. కొన్నిచోట్ల నట్టు బయటికే కనిపిస్తుంది, పైన స్పానర్ పెట్టి పట్టుకోవచ్చు. అలాంటివి మీ అదృష్టం. కొన్నిచోట్ల అది ఫ్లోర్ రేకు మడతలో వెల్డ్ చేసి ఉంటుంది, లేదా చిన్న రేకు డబ్బాలో వదులుగా కూర్చుని ఉంటుంది. ఈ రెండో రకాన్ని కేజ్ నట్టు అంటారు. ఆ రేకు పల్చనిది. తుప్పు తింటే నట్టు డబ్బా చీల్చుకుని తిరుగుతుంది.

సీటు తీయండి, మ్యాట్ ఎత్తండి. ఒక్కో బోల్టుకి సరిగ్గా పైన ఫ్లోర్‌లో రబ్బరు బిరడా ఉందేమో వెతకండి. బిరడా ఉంటే అక్కణ్నుంచి నట్టు పైభాగం అందుతుంది, సగం పని తేలికైనట్టే. లేకపోతే ఛాసిస్ పక్క నుంచీ, వీల్ ఆర్చ్ లోంచీ టార్చి వేసి చూడండి. మొత్తం ఎన్ని బోల్టులు, ఏది ఏ రకం అన్నది కాగితం మీద బొమ్మ గీసి రాసుకోండి. సీటు తీశాక పాత మ్యాట్ కింద మాకు రెండు కిలోల మట్టి, ఒక సెల్‌ఫోన్ ఛార్జరు, ఎండిపోయిన రొయ్య ఒకటి దొరికాయి.

2. కొత్త సామాను చేతికొచ్చాకే పాతది ముట్టుకోండి

బుష్‌లు, బోల్టులు, వాషర్లు ముందే తెచ్చి పెట్టుకోండి. బండి జాకీల మీద ఉండగా సామాను కోసం విజయవాడ ఆటోనగర్ పరిగెత్తడం ఉత్త టెన్షన్. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె అచ్చు వేసి ఉంటుంది, అది దాని బలం. అంతకంటే తక్కువది వేయకూడదు. లావు ఒక్కటే చూసుకుంటే సరిపోదు, మర కూడా కలవాలి. 12 మిల్లీమీటర్ల బోల్టులోనే 1.25, 1.5, 1.75 పిచ్‌లు (మరకీ మరకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) మూడూ దొరుకుతాయి. కొలత కోసం తేలికగా ఊడే ఒక బోల్టుని మాత్రం ముందు తీసి, షాపుకి పట్టుకెళ్లి, కొత్త నట్టు దానికి చేత్తో చివరిదాకా ఎక్కుతుందో లేదో చూసుకోండి.

ఉప్పునీళ్ల బండి కదా, స్టెయిన్‌లెస్ బోల్టులు వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ షాపుల్లో మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 బోల్టంత బలంగా ఉండదు. పైగా స్టెయిన్‌లెస్ మరలు బిగించేటప్పుడే ఒకదాన్నొకటి కరుచుకుపోయే గుణం ఉంది. ఇక్కడ వద్దు.

పనిముట్లు: ఆరు మూలల సాకెట్లు, అర అంగుళం డ్రైవ్ పొడుగు బార్, కిలో సుత్తి, వైర్ బ్రష్, రెండు జాకీలు, రెండు స్టాండ్లు, మందమైన చెక్క ముక్కలు, గ్రైండర్, హ్యాక్సా బ్లేడ్లు, ఆ సైజు మరలు కోసే ట్యాప్, కళ్లద్దాలు. గ్యాస్ టార్చి, ఇంపాక్ట్ గన్ లేకపోతే అద్దెకో అప్పుకో తెచ్చుకోండి. పన్నెండు మూలల సాకెట్ మాత్రం ఈ పనికి వద్దు. తుప్పు తిన్న తల మీద అది ఒక్కసారి జారిందంటే తల గుండ్రమైపోతుంది.

బండిని చదునైన గచ్చు మీద నిలిపి, చక్రాలకి అడ్డం పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు వేయండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టి దాని కింద దూరకండి, అవి ముందు చెప్పి పగలవు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైరింగ్ ఈ బోల్టుల పక్కనుంచే వెళ్తాయి. అవి ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూసుకోండి. పక్కన ఏబీసీ రకం అగ్నిమాపక సిలిండర్, తడి గోనె సంచి ఉండాలి.

3. గీకడం, నానబెట్టడం

అందరూ దాటేసే మెట్టు ఇదే. మూడు రోజులు పడుతుంది, కానీ ఆ మూడు రోజులూ బండిని స్టాండ్ల మీంచి దించి, సీటు, బ్యాటరీ మళ్లీ బిగించి నడుపుకోవచ్చు. నిజానికి నడపాలి కూడా. గతుకుల్లో వచ్చే అదురుకే నూనె లోపలికి దిగుతుంది.

ముందు వైర్ బ్రష్‌తో బోల్టు తల చుట్టూ తుప్పు పెచ్చులు ఊడగొట్టండి. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపుకి పైగా చోటు తీసుకుంటుంది. మరల మధ్య ఇరుక్కుని బోల్టుని బిగబట్టేది ఆ ఉబ్బే.

తర్వాత పైకి వెళ్లండి. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. బోల్టు కింద నుంచి నట్టులోకి ఎక్కి, దాని కొస నట్టు దాటి పైకి పొడుచుకుని ఉంటుంది. ఆ కొస ఏళ్ల తరబడి తడిలో ఉండి, మరల్లో తుప్పు గడ్డ కట్టి ఉంటుంది. మీరు బోల్టు విప్పుతున్నారంటే ఆ తుప్పు కొసని మొత్తం నట్టు లోంచి కిందకి లాగుతున్నారన్నమాట. మొదట రెండు చుట్లు హాయిగా తిరిగి, తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుపోయే బోల్టుల జబ్బు ఇదే. కాబట్టి బిరడా తీసి, చిన్న వైర్ బ్రష్‌తోనో పాత టూత్ బ్రష్‌తోనో ఆ కొసని మరలు మెరిసేదాకా రుద్దండి. నట్టు దాటి బాగా పొడుగ్గా ఉంటే గ్రైండర్‌తో నట్టు పైదాకా కోసేయండి, ఇంకా మంచిది. ఎలాగూ పారేసే బోల్టే.

ఇప్పుడు నూనె. కింద నుంచి ఎంత చల్లినా అది మీ మొహం మీదే కారుతుంది, పైకి ఎక్కదు. పోయాల్సింది పై నుంచి. నట్టు చుట్టూ గోధుమపిండి ముద్దతో చిన్న గట్టు కట్టి అందులో నూనె పోస్తే రాత్రంతా నిలిచి దిగుతుంది. చేయి అందని చోటికి సెలైన్ పైపు ముక్క దూర్చి, సిరంజితో వదలండి. మందుల షాపులో రెండూ దొరుకుతాయి.

ఏ నూనె? డబ్ల్యూడీ-40 పేరులోనే ఉంది దాని పని: నీళ్లని తరిమే నలభయ్యో ఫార్ములా అని. 1953లో నీళ్లు తొలగించడానికే తయారుచేశారు. తుప్పులోకి చొరబడటానికి విడిగా పెనెట్రేటింగ్ ఆయిల్ అని అమ్ముతారు, అది తీసుకోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లున్నారు. బాగానే దిగుతుంది, కానీ రెండూ విడిపోతాయి కాబట్టి ప్రతిసారీ కలియబెట్టాలి. అసిటోన్‌కి నిప్పు దగ్గరికొస్తే చాలు, భగ్గున అంటుకుంటుంది. మన షెడ్లలో డీజిల్, కిరసనాయిలు పోస్తారు. అవీ పనిచేస్తాయి, నెమ్మదిగా.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పోయండి. పోసిన ప్రతిసారీ బోల్టు తల మీద సుత్తితో నిటారుగా పది దెబ్బలు వేయండి. బలంగా కాదు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకి తుప్పు సన్నగా పగిలి నూనెకి దారి ఇస్తుంది.

4. తిప్పడం

నాలుగో రోజు పొద్దున సాకెట్ పెట్టండి. తల మీద సుత్తితో కొట్టి సాకెట్‌ని పూర్తిగా కూర్చోబెట్టండి. మొదట విప్పే వైపు కాదు, బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి లాగండి. చాలాసార్లు తుప్పు పట్టు తెగేది ఇక్కడే. తర్వాత విప్పే వైపు. ఎనిమిదో వంతు చుట్టు విప్పితే సగం వెనక్కి బిగించండి, నూనె చల్లండి, మళ్లీ విప్పండి. ఒక బోల్టుకి అరగంట పట్టొచ్చు, పట్టనివ్వండి. ఆ రోజు మా అవస్థ చూసి వచ్చిన పెద్దమేస్త్రి ఒకాయన పైపు పక్కన పడేయించి, "కొట్టేస్తే వచ్చేది కాదు అబ్బాయ్, బతిమాలాలి," అన్నాడు. తర్వాత ఆయన దాని పక్కనే కూర్చుని బీడీ తాగుతూ, మధ్యమధ్యలో నాలుగేసి అంగుళాలు రెంచి కదుపుతూ, రెండో బోల్టుని చేత్తో దింపేశాడు.

చేతికి ఏం తెలుస్తోందో గమనించండి. అసలు విషయమంతా అందులోనే ఉంది. కిర్రుమంటూ, బరువుగా అయినా ఒకే తీరున తిరుగుతుంటే మంచిదే, సాగించండి. గట్టిగా లాగుతున్నా మెత్తగా సాగినట్టు ఉండి, వదలగానే వెనక్కి వచ్చేస్తుంటే ఆపండి. దానికి రెండు కారణాలుంటాయి. బోల్టు ఒళ్లు మెలిపడుతుండొచ్చు, అంటే ఇంకొంచెం లాగితే తెగుతుంది. లేదా బోల్టు స్లీవ్‌కి అతుక్కుపోయి, స్లీవ్‌తోపాటు రబ్బరు మెలిపడుతుండొచ్చు. ఏదో తేల్చుకోవాలంటే రబ్బరు మీద చాక్‌పీసుతో నిలువుగా గీత గీసి, ఇంకొకరిని రెంచి లాగమనండి. గీత వంకర తిరిగితే స్లీవ్ పట్టేసింది. గీత కదలకపోతే పట్టు మరల్లో ఉంది. స్లీవ్ పట్టేసిన బోల్టుకి నట్టు మీద ఎంత నూనె పోసినా ప్రయోజనం లేదు, ఏడో మెట్టుకి వెళ్లి కోసేయండి.

ఇంపాక్ట్ గన్ ఉంటే తక్కువ స్పీడులో పెట్టి, అటూ ఇటూ మార్చి రెండు మూడు సెకన్ల చొప్పున కొట్టించండి. గన్ దెబ్బల అదురు మరలకి మంచి మందు. ఫుల్‌లో పెట్టి ఒకే పట్టున నొక్కితే మాత్రం నా పైపు కథే మళ్లీ జరుగుతుంది, ఇంకాస్త తొందరగా.

5. వేడి

నూనెకి లొంగనిది వేడికి లొంగుతుంది. కానీ వేడి పెట్టాల్సింది నట్టుకి. ఇనుము వేడికి సాగుతుంది: 12 మిల్లీమీటర్ల రంధ్రం 250 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.036 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. ఇంచుమించు వెంట్రుక మందంలో సగం. ఆ కాస్త తేడాకే తుప్పు పొర పగులుతుంది. బోల్టు కూడా వేడెక్కిందంటే అదీ సాగి తేడా మిగలదు, కాబట్టి నట్టుని తొందరగా, ఒక్కచోటే కాల్చాలి. కరెంటుతో పనిచేసే ఇండక్షన్ హీటర్ దొరికితే అన్నిటికంటే మేలు. మంట ఉండదు, చుట్టిన చోటే కాలుతుంది. గ్యాస్ టార్చి అయితే సన్నటి మంట పెట్టండి. ఎర్రగా కాలేదాకా ఆగక్కర్లేదు. నట్టు అక్కడే ఉండాల్సింది, ఎర్రబెడితే దాని బలం పోతుంది.

మంట ముట్టించే ముందు ఇవి చూసుకోండి. నానబెట్టిన నూనె, అసిటోన్ అంతా తుడవాలి. ఫ్లోర్ మీద ఫెల్టు, వైర్లు, తారు పూత పక్కకి తీయాలి. డీజిల్ పైపులకి తడి సంచి కప్పాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మంట అస్సలు పెట్టకండి, వేడికి అది ఫాస్జీన్ అనే విషవాయువు అవుతుంది. రబ్బరు అంటుకుంటే నల్లటి పొగ గదంతా నిండుతుంది, అందుకని ఆరుబయట చేయండి. ఒక మనిషి లోపల టార్చితో, ఒక మనిషి కింద రెంచితో, మూడో మనిషి నిప్పు కాపలాకి. ఒంటరిగా చేసే పని కాదిది.

వేడి తీసిన అరనిమిషానికి, నట్టు ఇంకా చుర్రుమంటుండగా, మామూలు కొవ్వొత్తిని మర మొదట్లో తాకించండి. మైనం కరిగి తుప్పు లోపలికి దిగుతుంది. అప్పుడు నాలుగో మెట్టులో లాగానే ముందుకీ వెనక్కీ తిప్పండి. రెండుమూడు సార్లు వేడి చేసి చల్లార్చితే మొండివి కూడా కదులుతాయి.

6. నట్టు బోల్టుతోపాటే తిరిగితే

మొదటి బోల్టుకి మాకు జరిగింది ఇది. కంగారుపడి ఇంకా తిప్పకండి, తిప్పేకొద్దీ చుట్టూ రేకు చిరుగుతుంది.

బిరడా రంధ్రం ఉంటే అందులోంచి సన్నటి శానం గానీ, మూతి సన్నని గ్రిప్ ప్లయర్ గానీ దించి, నట్టుకీ డబ్బా గోడకీ మధ్య ఇరికించి పట్టండి. నట్టు ఆగితే చాలు. ఆగకపోతే ఫ్లోర్ తెరవాలి. కింద బోల్టు ఉన్న చోటుని పైన సరిగ్గా గుర్తించడానికి రెండు దిక్కుల నుంచి కొలతలు తీసుకోండి, తలుపు అంచు నుంచి ఒకటి, వెనక గోడ నుంచి ఒకటి. తర్వాత గుండ్రంగా రంధ్రం కోసే 50 మిల్లీమీటర్ల హోల్‌సాతో పై రేకుని మాత్రమే కోయండి. కొన్ని బండ్లకి అక్కడ రెండు పొరలుంటాయి. కింద పొరకి తగిలిందనిపిస్తే ఆగాలి, ఆ పొరే క్యాబిన్ బరువు మోసేది.

నట్టు కనిపించాక రెండు దారులు. స్పానర్‌తో పట్టుకుని బోల్టు విప్పడం ఒకటి. నట్టు పక్కని రేకుకి రెండు చుక్కలు వెల్డ్ పెట్టి మళ్లీ పాత చోటే నిలబెట్టడం రెండోది. మేం రెండోది చేశాం. వెల్డింగ్ వేడికి బోల్టు కూడా వదులైంది. వెల్డింగ్‌కి ముందు రేకుని బాగా గీకండి. జింకు పూత ఉన్న రేకు మీద వెల్డ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చిన రాత్రి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతారు, పొగ మీ మొహం మీదకి రాకుండా గాలి వచ్చే వైపు కూర్చోండి. పని అయ్యాక ఆ రంధ్రాన్ని మూసేయకండి. అంచులకి ప్రైమర్ రాసి, సైజుకి సరిపోయే రబ్బరు బిరడా పెట్టి చుట్టూ సీలెంట్ వేయండి. ఈసారి విప్పేవాడు మిమ్మల్ని దీవిస్తాడు, బహుశా అది మీరే.

7. బుష్ మధ్యలోంచి కోయడం

స్లీవ్ పట్టేసినప్పుడు, తల గుండ్రమైపోయినప్పుడు, లేదా ఓపిక అయిపోయినప్పుడు నాకు నచ్చిన దారి ఇదే. చాలామంది దీన్ని ఓటమి అనుకుని చివరికి వాయిదా వేస్తారు. బుష్‌లు ఎలాగూ మారుస్తున్నారు, బోల్టులు ఎలాగూ కొత్తవి. అలాంటప్పుడు కోయడానికి మొహమాటం దేనికి?

ఆ పక్క మిగతా బోల్టులన్నీ తీసేసి, రెండో పక్కవి నాలుగైదు చుట్లు వదులు చేయండి. పూర్తిగా తీయకండి, క్యాబిన్ పక్కకి జరుగుతుంది. ఎత్తే ముందు స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్, రేడియేటర్ గొట్టాలు, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్, గేరు రాడ్డు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, ఎర్త్ వైరు ఎక్కడా లాగబడట్లేదని చూసుకోండి. తర్వాత జాకీ మీద వెడల్పాటి చెక్క పెట్టి, క్యాబిన్ అడుగు దూలం కింద ఆనించి, పది పదిహేను మిల్లీమీటర్లు మాత్రం ఎత్తండి. ఉత్త రేకు కింద జాకీ పెడితే సొట్ట పడుతుంది.

పై రబ్బరుని పదునైన కత్తితో కోసి లాగేయండి. కత్తికి సబ్బునీళ్లు రాస్తే రబ్బరు పట్టదు. స్లీవ్ కనిపిస్తుంది. ఆ సందులో హ్యాక్సా బ్లేడు గానీ, ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపం గానీ పెట్టి స్లీవ్, బోల్టు కలిపి కోసేయండి. కోత ఛాసిస్ వైపుకి దగ్గరగా ఉండాలి. క్యాబిన్ వైపు బోల్టు ముక్క కనీసం రెండు అంగుళాలు వేలాడాలి, తర్వాత పట్టుకోవడానికి. కింద సగం దానంతటదే జారి పడుతుంది. పైన మిగిలిన ముక్క మీద స్లీవ్‌ని గ్రైండర్‌తో నిలువునా చీల్చి, శానం పెట్టి కొడితే ఊడి వస్తుంది. ఇప్పుడు నట్టు ఒకవైపు, ఒంటరి బోల్టు ముక్క ఒకవైపు. వేడి చేయండి, మైనం తాకించండి, గ్రిప్ ప్లయర్‌తో తిప్పండి. బుష్ అడ్డం లేకపోతే ఎంత తేలికో మీరే చూస్తారు.

తల మాత్రమే గుండ్రమైతే ముందు ఒక మెట్టు తక్కువ సైజు సాకెట్‌ని సుత్తితో కొట్టి ఎక్కించి చూడండి. లేదా తల మీద పెద్ద నట్టు పెట్టి లోపలివైపు నుంచి వెల్డ్ చేయండి. కొత్త తలా వస్తుంది, వేడీ తగులుతుంది.

బోల్టు నట్టు లోపలికి తెగిపోతే సరిగ్గా మధ్యలో పంచ్ గుర్తు పెట్టి, 4 మిల్లీమీటర్ల డ్రిల్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి. ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే కొన్నిసార్లు డ్రిల్ చేస్తుండగానే ముక్క విప్పుకుని వచ్చేస్తుంది. తెగిన ముక్కని లోపల్నుంచి పట్టి విప్పే ఎక్స్‌ట్రాక్టర్‌ని బలంగా తిప్పకండి. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దిగదు, అంత గట్టి ఉక్కు. చివరికి 12 మిల్లీమీటర్ల 1.75 మరకి 10.2, అదే 10 మిల్లీమీటర్ల 1.5 మరకి 8.5 డ్రిల్ దాకా వెళ్లి ట్యాప్ వేయండి.

8. కొత్తవి బిగించడం

ప్రతి నట్టులోనూ నూనె రాసిన ట్యాప్‌ని చేత్తో తిప్పి తుప్పు బయటికి తీయండి. కొత్త బోల్టు చివరిదాకా వేళ్లతోనే ఎక్కాలి. వేళ్లతో ఎక్కని బోల్టుని గన్‌తో ఎక్కించకండి. బ్రాకెట్లని గీకి, ప్రైమర్, రంగు వేసి ఆరనివ్వండి. మరలకీ, స్లీవ్ లోపలికీ కాపర్ గ్రీజు పట్టించండి. స్లీవ్ సంగతి చాలామంది మర్చిపోతారు, సగం బోల్టులు పట్టుకునేది అక్కడే.

ముందు అన్ని బోల్టులూ వేళ్లతో ఎక్కించి, జాకీ దించి, క్యాబిన్ బరువు రబ్బర్ల మీద పడ్డాక తలుపు సందులు, తొట్టికీ క్యాబిన్‌కీ మధ్య ఖాళీ రెండు వైపులా సమానంగా ఉన్నాయో చూసి అప్పుడు బిగించండి. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్ ప్రకారం టార్క్ రెంచితో. అందులో అంకె పొడి మరలకి ఇచ్చిందైతే, గ్రీజు రాసిన మరకి ఆ అంకెలోంచి నాలుగో వంతు దాకా తీసేస్తారు. జారుడు వల్ల అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. బిగించాక బోల్టు తల నుంచి బ్రాకెట్ మీదకి పెయింటుతో ఒక గీత గీయండి. పైన నట్టు మీద, బయటికి పొడుచుకున్న కొస మీద గ్రీజు దట్టంగా మెత్తండి.

ఉప్పు లోడు దించిన ప్రతిసారీ బ్రాకెట్ల మూలల్లోకి మంచినీళ్లు కొట్టండి. పైపైన కాదు, నీళ్లు నిలబడే ఆ మూలల్లోకే. వారం రోజులు లోడు తిరిగాక గీతలు చూసి మళ్లీ ఒకసారి టార్క్ రెంచి పెట్టండి. కొత్త రబ్బరు కొంచెం కుంగుతుంది. మా బండికి ముందు ఎడమ బోల్టు పావు చుట్టు తీసుకుంది.